విత్తనం ఎరిగిన స్త్రీ: జహీరాబాద్ మహిళా సంఘాల నుంచి వ్యవసాయ విస్తరణ నేర్వవలసిన పాఠం

హైదరాబాదు నుంచి ముంబయి వైపు సాగే జాతీయ రహదారి వెంట, సంగారెడ్డి జిల్లాలో, రెండు విత్తన నిధులు ఉన్నాయి. మొదటిది పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు నిధి. 1972లో నెలకొన్న ఆ అంతర్జాతీయ సంస్థలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. దీర్ఘకాలిక నిల్వ గదిలో ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉంటుంది. అదే దారిలో ముందుకు సాగి జహీరాబాద్ ప్రాంతానికి చేరితే, గ్రామాల్లోని మహిళల ఇళ్ళలో రెండో నిధి కనిపిస్తుంది. మట్టి, పేడ కలిపి అలికిన బుట్టలు, కుండలు, గింజల నడుమ బూడిద, వేపాకు: ఇంతే దాని సరంజామా. ఏటా తొలకరికి ఆ బుట్టలు ఖాళీ అవుతాయి. పంట ఇంటికి రాగానే మళ్ళీ నిండుతాయి. మొదటి నిధిని నిర్వహించేవారు పట్టభద్రులైన శాస్త్రవేత్తలు. రెండో నిధిని నిర్వహించేవారిలో అత్యధికులు బడి ముఖం చూడని దళిత మహిళలు.

మొదటి నిధి అవసరాన్ని ప్రశ్నించేవారు లేరు. ప్రశ్న రెండో నిధి గురించే. వ్యవసాయ విద్యా వ్యవస్థ ఈ మహిళలను ఇంతవరకు ‘లబ్ధిదారులు’గా, ‘శిక్షణ పొందేవారు’గా చూసింది. వారు జ్ఞానాన్ని ఉత్పత్తి చేసేవారన్న గుర్తింపు ఉపన్యాసాల్లో వినిపిస్తుంది గాని, పరిశోధన ప్రణాళికల్లో, విస్తరణ కార్యక్రమాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఈ లోపం వలన నష్టం మహిళలకు మాత్రమే పరిమితం కాదు. వర్షాధార వ్యవసాయ శాస్త్రానికి కూడా నష్టమే.

సంఘం పుట్టుక

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఏర్పడింది. పూర్వం దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్, ఆయన మిత్రులు దానిని స్థాపించారు. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా, నాటి మెదక్ జిల్లాలోని సుమారు 75 గ్రామాల్లో దాని కృషి విస్తరించింది. సతీష్ 2023 మార్చి 19న కన్నుమూశారు. ఆయన పేరు ఎంత ప్రసిద్ధమైనా, ఆ సంస్థకు వెన్నెముక గ్రామ గ్రామాన ఏర్పడిన మహిళా సంఘాలే. ఈ సంఘాల్లోని దాదాపు 5,000 మంది సభ్యుల్లో అధిక సంఖ్యాకులు నిరుపేద దళిత స్త్రీలు.

గ్రామీణ మహిళల కోసం పనిచేసే సంస్థలు సాధారణంగా అక్షరాస్యతతోనో, పొదుపుతోనో ఆరంభిస్తాయి. అవి అవసరమైనవే. జహీరాబాద్ సంఘాలు మాత్రం మరొక ప్రశ్నను ముందుకు తెచ్చాయి: ఇంట్లో గింజ ఎందుకు లేదు? ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే భూమి దగ్గరకు, భూమి నుంచి విత్తనం దగ్గరకు, విత్తనం నుంచి నిర్ణయాధికారం దగ్గరకు చర్చ చేరింది. ఇక్కడ విద్య పలకతో కాక పొలంతో మొదలైంది.

నేల, గింజ

సొసైటీ ఏర్పడిన 1983లోనే రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం అమలులోకి వచ్చింది. పేదల ఆకలి తీర్చడంలో ఆ పథకం నిర్వహించిన పాత్ర కాదనలేనిది. అయితే జొన్నరొట్టె, సజ్జరొట్టె ప్రధానాహారమైన మెట్ట ప్రాంతాల్లో దానికి మరొక పర్యవసానం కూడా ఉంది. చౌక బియ్యం దొరికేచోట జొన్నకు గిరాకీ తగ్గింది. పేదలకు దక్కిన ఎర్ర చెలకలు, గరప నేలలు అసలే నిస్సారమైనవి. వాటిని బాగుచేసి జొన్న విత్తడానికి పెట్టుబడి పుట్టలేదు. బీడు పెరిగింది, కూలి దినాలు తగ్గాయి, పశువులకు చొప్ప కరువైంది.

1990ల మధ్యకాలంలో సంఘాలు దీనికి తమదైన పరిష్కారం కనుగొన్నాయి. బీడు భూములున్న చిన్న రైతులకు ఎకరాల లెక్కన పెట్టుబడి అప్పుగా ఇచ్చారు. ఆ అప్పును రైతులు నగదుగా కాక జొన్నల రూపంలో కొన్నేళ్ళపాటు తీర్చారు. అలా వచ్చిన ధాన్యాన్ని ఊళ్ళోనే నిల్వచేసి, ఊళ్ళో అందరికంటె పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించారు. పేదలెవరో నిర్ణయించింది గ్రామస్థులే. ఊరి పటం నేల మీద గీసి, ఇంటింటి స్థితిని అందరి ఎదుట చర్చించి నిర్ణయించారు. పంట, నిల్వ, పంపిణీ మూడూ ఒకే ఊరి పరిధిలో జరిగాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం చౌక ధాన్యాల జాబితాలో ముతక ధాన్యాలను కూడా చేర్చింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ప్రపంచం ఆ దిశగా తిరగడానికి ఎన్నో ఏళ్ళ ముందే జహీరాబాద్ స్త్రీలు జొన్నను ఆహార భద్రతతో ముడివేశారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి సంస్థకు ఈక్వేటర్ బహుమతి ప్రకటించింది.

కలిపి విత్తడంలోని శాస్త్రం

ఈ సంఘాల మహిళల పొలాల్లో ఒకే పంట కనిపించడం అరుదు. జొన్న, సజ్జ, కొర్ర, తైద, కంది, పెసర, మినుము, అనుము, బొబ్బర, నువ్వు, పుంటి వంటి పంటలను ఒకే చెలకలో కలిపి విత్తుతారు. శీతకాలపు మంచుతో, నేలలో మిగిలిన తేమతో పండే శనగ, కుసుమ, అవిసె వంటి రబీ పంటలను వారు ‘సత్యం పంటలు’ అని పిలుస్తారు. నీరు పెట్టకుండా, ఎరువు వేయకుండా మాట నిలబెట్టుకునే పంటలని ఆ పేరుకు భావం.

చాలాకాలం పాటు ఇటువంటి సేద్యాన్ని వెనుకబాటుతనానికి గుర్తుగా భావించడం జరిగింది. కాని సస్యశాస్త్రం దీనికి బలమైన ఆధారాలు చూపింది. జొన్న, కంది జంటను తీసుకుంటే, కంది తొలి రెండు నెలల్లో నెమ్మదిగా పెరుగుతుంది. ఆ వ్యవధిలో వెలుతురును, పై పొరల తేమను జొన్న వినియోగించుకుంటుంది. జొన్న కోతకు వచ్చిన తరువాత కంది విస్తరించి, లోతైన వేళ్ళతో అడుగు పొరల్లోని తేమను అందుకుంటుంది. ఒకే పొలంలో రెండింటినీ కలిపి పండించినప్పుడు వచ్చే ఫలసాయాన్ని విడివిడిగా పొందాలంటే మరింత భూమి కావలసి వస్తుంది. పటాన్‌చెరులో జరిగిన అంతర పంటల పరిశోధనలు దీనిని నిరూపించాయి. జొన్నతో కలిపి విత్తిన కందిలో ఎండు తెగులు తగ్గుతుందని కూడా పరిశోధనల్లో తేలింది. వాన వెనుకపట్టినా, బెట్ట వచ్చినా అన్ని పంటలూ ఒకేసారి దెబ్బతినవు. ప్రయోగశాల ఆలస్యంగా వివరించిన ఈ సూత్రాన్ని పొలం ముందుగానే పాటించింది.

విత్తన నిల్వ విషయమూ అంతే. గింజలో తేమ ఒక శాతం తగ్గినకొద్దీ విత్తన జీవితకాలం దాదాపు రెట్టింపవుతుందన్నది విత్తన శాస్త్రంలో స్థూలమైన సూత్రం. మహిళలు గింజను పంటికింద కొరికి, చప్పుడు విని ఎండుదల తెలుసుకుంటారు. బూడిద గింజల మధ్య సందులు నింపి పురుగు కదలికను అడ్డుకుంటుంది; దాని పైపొరను ఒరిపించి తేమను పీల్చివేస్తుంది. సంఘం బుట్ట నుంచి విత్తనం తీసుకున్న స్త్రీ, పంట వచ్చాక తీసుకున్నదానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తుంది. 2000 ప్రాంతం నుంచి ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలను అలంకరించి ఊరూరా తిప్పే పాత పంటల జాతర ఈ వ్యవహారానికి పండుగ రూపం. ఒక ఊళ్ళో అంతరించిన రకం మరొక ఊళ్ళో దొరకడానికి ఆ జాతర తోడ్పడుతుంది.

కలుపా, కూరా?

శాస్త్రానికి, మహిళల జ్ఞానానికి మధ్య దూరం అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది కలుపు విషయంలో. సస్యశాస్త్ర పాఠ్యపుస్తకం ప్రకారం, కోరని చోట మొలిచిన ప్రతి మొక్కా కలుపే. కాని కోరనిది ఎవరు? తుమ్మి, దొగ్గలి, గునుగు, గంగవాయిలి, చెంచలి వంటివి శాస్త్రవేత్త దృష్టిలో పంటకు పోటీదారులు. పేద ఇంటి ఇల్లాలి దృష్టిలో విత్తకుండా, కొనకుండా దొరికే కూర. వానాకాలం తొలి నెలల్లో, ఇంట్లో పప్పు నిండుకున్న వేళ, ఇనుము, సున్నం, విటమిన్లు ఆ కుటుంబానికి అందేది చాలావరకు ఈ ఆకుల నుంచే.

కలుపు మందు పిచికారీకి సిఫారసు రాసేటప్పుడు పంట దిగుబడి, మందు ఖర్చు, ఆదా అయ్యే కూలి లెక్కకు వస్తాయి. నష్టపోయే కూర లెక్కకు రాదు. కలుపు తీసే స్త్రీ కోల్పోయే కూలి దినాలు ‘ఆదా’ పద్దులో చేరుతాయి. కలుపు మందులు పూర్తిగా వద్దనడం ఈ వాదన ఉద్దేశం కాదు. కూలీలు దొరకని చోట, మొండి కలుపు ఉన్నచోట వాటి అవసరం ఉంది. కాని లెక్క వేసేటప్పుడు రెండు వైపులా వేయడం శాస్త్ర ధర్మం. సగం లెక్కను పూర్తి లెక్కగా ప్రకటించడం అశాస్త్రీయం.

అక్షరానికి ముందు గొంతు

ఈ సంఘాల విద్యా విధానంలో ప్రత్యేకంగా గమనించవలసింది మాధ్యమాల వినియోగం. చదవడం రానివారికి కరపత్రం పంచడం విస్తరణ సేవల్లో ఈనాటికీ సాగుతున్న వింత. జహీరాబాద్ మహిళలు కెమెరా పట్టడం నేర్చుకుని తమ సేద్యాన్ని తామే చిత్రీకరించారు. మాచునూరులో రేడియో కేంద్రం 1990ల చివర్లోనే సిద్ధమైనా, ప్రసారానికి అనుమతి లభించలేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినప్పటికీ, స్వచ్ఛంద సంస్థలకు సమాజ రేడియో నడిపే వీలు 2006 నాటి విధానంతో గాని కలగలేదు. చివరకు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ పై ప్రసారం ఆరంభించింది. ఆ తరంగాల తీర్పు వెలువరించిన ధర్మాసనానికి నేతృత్వం వహించిన జస్టిస్ పి.బి. సావంత్ దానిని ప్రారంభించారు. ఆ రోజే అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినోత్సవం కూడా. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు యువతులు కేంద్రం నిర్వహణ చేపట్టారు.

ఆ రేడియోలో వినిపించేది జహీరాబాద్ మాట. విత్తనం ఎప్పుడు వేయాలి, పశువుకు జబ్బు చేస్తే ఏ ఆకు నూరాలి అన్న విషయాలను అనుభవం ఉన్న మహిళ చెబితే, తోటి మహిళ వింటుంది, ప్రశ్నిస్తుంది, తన అనుభవం జోడిస్తుంది. చెప్పేవారు, వినేవారు అనే విభజన అక్కడ చెరిగిపోయింది. విస్తరణ శాస్త్రంలో రైతు నుంచి రైతుకు జ్ఞాన ప్రసారం అనే అధ్యాయానికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

పొగడ్తతో సరిపెట్టరాదు

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక అవసరం. సంప్రదాయ జ్ఞానాన్ని ప్రశ్నకు అతీతంగా నిలపడం కూడా దానికి అన్యాయమే. కొర్ర, సామ వంటి ధాన్యాల పొట్టు తీయడం అమితమైన శ్రమ. రోకలితో దంచే ఆ శ్రమ పూర్తిగా స్త్రీల భుజాల మీదే పడింది. చిరుధాన్యాలు వంటింటికి దూరం కావడానికి అదొక ముఖ్య కారణం. ఇంట్లో దాచుకున్న జొన్న విత్తనంతో పాటు కాటుక తెగులు శిలీంధ్ర బీజాలు కూడా తరతరాలుగా ప్రయాణిస్తాయి. చవకైన విత్తన శుద్ధితో దానిని నివారించవచ్చు. మొవ్వు ఈగకు, సజ్జలో వెర్రి తెగులుకు తట్టుకునే రకాలు పరిశోధన కేంద్రాల్లో ఉన్నాయి. చుట్టూ చెరకు, పత్తి, సోయా ఆదాయం ఆశ చూపుతుండగా, తల్లి చేసిన సేద్యం కూతురు చేస్తుందన్న హామీ లేదు. చదువుకున్న కూతురు పట్నం వైపు చూస్తే ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

కనుక శాస్త్రం ఇవ్వవలసింది ఎంతో ఉంది. అయితే ఇవ్వడం, తీసుకోవడం రెండూ జరిగినప్పుడే అది విద్య అవుతుంది. జహీరాబాద్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీయే కృషి విజ్ఞాన కేంద్రం నడుపుతుండటం ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడం సాధ్యమేనని చూపుతుంది. మహిళా సంఘం, పరిశోధన మండలి ఒకే కప్పు కింద నిలవగలిగిన చోటు అది.

పేరు ఎవరిది?

అసలు చిక్కు గుర్తింపు దగ్గర ఉంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని మొత్తం సాగు కమతాల్లో స్త్రీల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతం. విస్తీర్ణంలో వారి వాటా 12 శాతానికి లోపే. విత్తడం నుంచి తూర్పారబట్టడం వరకు పొలంలో స్త్రీ శ్రమ ఎంతో చూసినవారికి ఈ అంకెలు ఆమె పనిని కాక, కాగితాన్ని మాత్రమే కొలుస్తున్నాయని అర్థమవుతుంది. ఆడపిల్లకు పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కు కల్పిస్తూ 1986లోనే చట్టం చేసిన ఘనత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. దేశవ్యాప్తంగా ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా పట్టాదారు పాసుపుస్తకంలో ఆమె పేరు అరుదు. పేరు లేనిచోట పంట రుణం, బీమా, పెట్టుబడి సాయం, రాయితీ విత్తనం అందడం కష్టం. 2007 నాటి జాతీయ రైతు విధానం కౌలుదారును, వ్యవసాయ కూలీని కూడా రైతు నిర్వచనంలో చేర్చింది. ఆ నిర్వచనం అమలు దాకా చేరలేదు.

విత్తనం విషయంలో చట్టం మరింత ఉదారమైనది. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం రైతులు తమ విత్తనాన్ని దాచుకునే, విత్తుకునే, మార్పిడి చేసుకునే, పంచుకునే హక్కును గుర్తించింది. రైతులు కాపాడిన రకాలను వారి పేరున నమోదు చేసుకునే అవకాశం కల్పించింది. కాని నమోదుకు కావలసిన లక్షణాల వర్ణన, దరఖాస్తు నింపడం నిరక్షరాస్యురాలైన మహిళకు సాధ్యమయ్యే పని కాదు. అది విశ్వవిద్యాలయం చేయగలిగిన పని, చేయవలసిన పని.

చేయవలసినవి

మొదటిది, కొత్త రకాల విడుదలకు ముందు జరిగే పొలం పరీక్షల్లో మహిళల అంచనాకు స్థానం ఉండాలి. గింజ దిగుబడితో పాటు చొప్ప నాణ్యత, రొట్టె సాగే గుణం, నూర్పిడి సులువు, పిట్టల బెడద, నిల్వ ఓర్పు మార్కుల పట్టికలో చేరాలి. ఇవేవీ లేని రకం పరిశోధన క్షేత్రంలో ఎంత గెలిచినా పల్లెలో నిలవదు.

రెండవది, చిరుసంచుల విత్తనం, శిక్షణ, ప్రదర్శన క్షేత్రాలు పట్టా ఉన్నవారికి కాక సాగు చేస్తున్నవారికి అందాలి. శిక్షణ శిబిరాలను కలుపు తీసే రోజుల్లో, పగటి వేళ, మండల కేంద్రంలో జరిపి, మహిళలు రాలేదని నివేదిక రాయడం మానుకోవాలి.

మూడవది, వ్యవసాయ పట్టభద్ర విద్యార్థుల గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో కొన్ని వారాలు మహిళా సంఘాలతో గడపడం తప్పనిసరి చేయాలి. స్థానిక రకాల పేర్లు, గుణాలు, విత్తే కాలం, వండే తీరు మహిళల మాటల్లోనే ధ్వనిముద్రణ చేసి గ్రంథాలయంలో భద్రపరచాలి. చెప్పినవారి పేరు దానితోపాటు నిలవాలి.

నాలుగవది, ప్రతి విశ్వవిద్యాలయంలో రైతు రకాల నమోదుకు ఒక సహాయ విభాగం ఉండాలి. రకాన్ని కాపాడిన స్త్రీ పేరున, లేదా ఆమె సంఘం పేరున దరఖాస్తు వెళ్ళాలి. శాస్త్రవేత్త సహాయకుడిగా మాత్రమే ఉండాలి.

ఐదవది, కలుపు యాజమాన్య సిఫారసుల్లో ఆ ప్రాంతపు తినదగిన ఆకుకూరల పట్టికను జతచేయాలి. గ్రామ స్థాయిలో నడిచే పొట్టు తీసే యంత్రాల మీద, స్త్రీల శరీర సౌకర్యానికి తగిన కలుపు పరికరాల మీద పరిశోధనకు నిధులు పెంచాలి.

వీటిలో ఏదీ భారీ వ్యయంతో కూడుకున్నది కాదు. మారవలసింది దృష్టి. మన దేశంలో 2017 నుంచి అక్టోబరు 15ను మహిళా కిసాన్ దివస్‌గా పాటిస్తున్నారు. ఆ రోజున సన్మానాలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. శాలువా కప్పించుకున్న స్త్రీ మరునాడు పొలానికి వెళ్ళినప్పుడు ఆమె విత్తనం మీద ఆమె పేరు, ఆమె నేల పత్రంలో ఆమె పేరు, ఆమె చెప్పిన మాట ఒక పరిశోధన పత్రంలో ఆమె పేరుతోనే ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న.

జన్యు నిధిలోని నమూనా అక్కడికి చేర్చిన నాటి గుణాలను భద్రంగా నిలుపుకుంటుంది. మహిళ బుట్టలోని విత్తనం ఏటా నేలను, వానను, తెగులును ఎదుర్కొంటూ మారుతుంది. రెండూ అవసరమే. కాని చల్లని గదికి విద్యుత్తు ఆగితే మరొక యంత్రం సిద్ధంగా ఉంటుంది. ఆ బుట్టను నింపే చేయి విరమిస్తే దానికి ప్రత్యామ్నాయం లేదు. ఆ చేతికి పని, భూమి, పేరు మూడూ దక్కేలా చూడటం జాలితో చేసే సేవ కాదు. వర్షాధార వ్యవసాయ శాస్త్రం తనను తాను నిలుపుకోవడానికి చేయవలసిన మొదటి పని.